తూమునకందని నీరు

అయ్యలారా, చెరువులో నీరు తూము గడపకు దిగువగా జారినపుడు ఏమి చేయవలెనో నాకంటె మీకే బాగుగా తెలియును. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, గూడ వేసి, అడుగున మిగిలిన నీటిని కాలువలోనికి ఎత్తిపోయుదురు. పైరు దక్కించుకొనుటకు అదియే తుది యుపాయము. హైదరాబాదు నగరము త్రాగునీటికై ఎండిన యేండ్ల నాగార్జునసాగరమునొద్ద చేయు పనియు నట్టిదే. గూడకు బదులు విద్యుచ్ఛక్తితో నడచు పంపులుండును.

పూర్వ మీ నగరమునకు ఈ యవస్థ లేదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలననుసరించి, వరద నాపుటకై మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరము, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరము కట్టబడెను. వరద భయమున కట్టిన చెరువులే దప్పిక తీర్చునవి యయ్యెను. గండిపేట చెరువని పేరొందిన ఉస్మాన్‌సాగరపు నిండుమట్టము 1,790 అడుగులు. నగరము దానికి పల్లమున నున్నది. కావున నీరు ఒకరు త్రోయనక్కరలేక తానై దిగివచ్చెడిది.

జనము పెరిగెను. మంజీర జలమును, సింగూరు జలమును వచ్చి చేరినను చాలదయ్యెను. అంతట 2004, 2008, 2015 సంవత్సరములలో మూడు విడతలుగా కృష్ణా జలమును తెచ్చిరి. ఇక్కడ వాలు తలక్రిందులైనది. సాగరము నిండియున్నను దాని మట్టము 590 అడుగులే. నగరమో, వేయి అడుగులకు పైగా మిట్టనున్నది. నీటిని పుట్టంగండియొద్ద ఎత్తి అక్కంపల్లి జలాశయమున పోసి, కోదండపురమున శుద్ధిచేసి, నాసర్లపల్లి, గోడకొండ్ల, గునగల్లు మీదుగా మెట్లెక్కించినట్లు పంపుదురు.

పుట్టంగండిలోని పెద్దపంపులు కట్టినచోటనే యుండును. నీటి వెంట దిగజాలవు. సాగరమట్టము రమారమి 510 అడుగులకు తగ్గెనా, వానికి నీరందదు. అపుడు నీటి యంచున తాత్కాలికముగా వేరు పంపులు నిలిపి, ఆ నీటిని పెద్దపంపులకు చేరు కాలువలోనికి తోడుదురు. ఒకే నీటిని రెండుమారు లెత్తుట యన్నమాట. దీనినే అత్యవసర పంపింగు అందురు. పంపులు తెచ్చి దింపుటకును, విద్యుత్తు కలుపుటకును దినములు పట్టును గనుక నీరు జారకమునుపే సిద్ధపడవలెను.

రైతు లెరుగవలసిన దొకటి కలదు. సాగరపు కుడియెడమ కాలువలకు సాగునీరు విడుచుటకు విధించిన కనిష్ఠమట్టమును ఆ 510 అడుగులే. పైరునకు ఎక్కడ చాలునో, నగరపు దప్పిక అక్కడ మొదలగును. దప్పికే ముందు తీరవలెననుటలో వివాదము లేదు. కాని మాటిమాటికి చేయుపనిని అత్యవసరమనుట నా కొప్పదు. అది లోటును కప్పిపుచ్చు పేరు.

2023లో కృష్ణలో వరద సరిగా రాకపోవుటచే 2024 వేసవిలో ఈ పంపులు మరల నడచెను. ఈ బాధ తప్పించుటకై సుంకిశాలయొద్ద, నీరు మరింత లోతునకు పోయినను అందునట్లు, గొప్ప బావి కట్టనారంభించియుండిరి. పని ముగియకమునుపే, 2024 ఆగస్టులో, దాని గోడ యొకటి కూలి జలాశయపు నీరు లోనికి దూకెను. ఆ నెలలోనే సాగరము నిండి గేట్లెత్తిరి. పుట్టంగండి పెద్దపంపులకు నీరు మరల తనంతట తానే అందెను.