డిక్రీ చివరి పట్టిక



సివిలు వ్యాజ్యమున డిక్రీ నకలు చేతికి వచ్చినప్పుడు మన పెద్దలు మొదట చూచునది భూమి యెవరిదైనదని. నేను మాత్రము దాని చివరనుండు ఖర్చుల పట్టికను చూచెదను. దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా, కమీషనరు ఫీజు, సమన్ల ఖర్చు, అన్నియు అందు వరుసగా నుండును. గెలిచినవాని ఖర్చు ఓడినవాడిచ్చుకొను ఈ ఆచారమునకు ఏడువందల యేండ్లకు మించిన చరిత్ర గలదు.

ఇది మనకు ఇంగ్లండునుండి వచ్చినది. 1278లో గ్లాస్టరు శాసనము, గెలిచిన వాదికి నష్టపరిహారముతోపాటు ఖర్చులను ఇప్పించెను. ప్రతివాది గెలిచినచో వానికేమియు లేదు! నిష్కారణముగా కోర్టుకీడ్వబడినవాడు గెలిచియు చేతిచమురు వదల్చుకొనవలసినదే. ఆ లోపము 1531లో కొంత, 1607లో మరికొంత సవరింపబడినది. అమెరికావారు వేరు దారి త్రొక్కిరి. 1796లో వారి సుప్రీముకోర్టు, నష్టపరిహారములో జేర్చిన 1600 డాలర్ల వకీలు ఫీజును త్రోసివేసెను. అచ్చట సామాన్యముగా ఎవరి వకీలు ఫీజు వారిదే.

మన దేశమున 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 35వ సెక్షను, ఖర్చులు ఎవరు, ఎంత, ఏ ఆస్తినుండి ఇచ్చుకొనవలెనో నిర్ణయించుటను న్యాయాధిపతి వివేచనకు విడిచినది. అయినను అది ఇష్టారాజ్యము కాదు. గెలుపును బట్టి ఖర్చులు ఇప్పింపవలెను. ఇప్పింపనిచో కారణములు వ్రాసి చూపవలెను. దావా సగమే నెగ్గినవానికి ఖర్చులలో కొంత భాగమే దక్కవచ్చును. గెలిచియు వ్యాజ్యమును వృథాగా సాగదీసినవానికి అసలే దక్కకపోవచ్చును.

చిక్కంతయు మొత్తములో నున్నది. పట్టికలోని ప్లీడరు ఫీజు మీరిచ్చిన ఫీజు కాదు; దావా విలువనుబట్టి నిబంధనలు కట్టిన ఫీజు. ఎకరమమ్మి వకీలుకిచ్చినవానికి ఆ యెకరము తిరిగిరాదు. ఇది నాకు న్యాయముగా తోచదు. తెలిసి తెలిసి అబద్ధపు దావా వేయువారిని అరికట్టుటకై 1922లో 35-ఏ సెక్షనును చేర్చి, 1000 రూపాయలవరకు పరిహారముగా ఇప్పింప వీలు కల్పించిరి. 1976 నాటి సవరణ చట్టము దానిని 3000 చేసెను. ఆనాటి వేయి రూపాయల విలువను ఇంట విన్న మీకు, ఈ మూడువేలు ఎంతటివో నేను చెప్పనక్కరలేదు.

2005లో సేలం న్యాయవాదుల సంఘపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఖర్చులనగా నిజముగా అయిన సమంజసమైన ఖర్చులే యనియు, గెలిచినవాడు పోగొట్టుకొన్న కాలము, ప్రయాణము, బస కూడ అందు చేరుననియు చెప్పెను. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టము, కక్షిదారుల నడవడిని, సమంజసమైన రాజీని కాదనుటను సైతము లెక్కింపుమన్నది. కాని అది వర్తక వ్యాజ్యములకే. గట్టు తగవునకును, పంపకముల దావాకును నేటికిని పాత 35వ సెక్షనే దిక్కు.