చీపురుపల్లిలో ఉండొచ్చా? ఖనిజం, రైలు, వలస కథ (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

పోయిన వీడియో కింద ఒక అన్న రాశాడు. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాడట, సొంతూరు చీపురుపల్లి పక్కనే. "ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారు. పిల్లల్ని తీసుకుని ఊరొచ్చేద్దామనుకుంటన్నాను. మన పక్క ఉండడానికి లాభమేటి, నష్టమేటి, చెప్పు తమ్ముడూ" అని అడిగాడు.

ఎంతైనా ఇంజనీర్ బుద్ధి కదా, ముందు ఎక్సెల్ షీట్ తెరిచాను. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు. ఎడమవైపు మొదటి లైను: "మెయిన్ లైన్ మీద రైల్వే స్టేషన్ ఉంది." రాశాక కాసేపు ఆలోచిస్తే ఇదే లైను కుడివైపు కూడా రాయాలేమో అనిపించింది. "భూమిలో ఖనిజం ఉంది" అని రాశాను, దానికీ అదే గొడవ. "వర్షం బాగా పడుతుంది" అన్నదీ అంతే. షీట్ మూసేసి పాత గెజిటీర్లు తెరిచాను. అందుకే ఈ ఎపిసోడ్ 1892లో మొదలవుతుంది.

భారతదేశంలో మాంగనీస్ తవ్వకం వ్యాపారంగా మొదలైంది ఎక్కడో తెలుసా? మన చీపురుపల్లి దగ్గర కోడూరులో. 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లా. విజయనగరం మైనింగ్ కంపెనీ వాళ్ళు తవ్వారు. మొదటి ఏడాది తీసింది 674 టన్నులు. ఇప్పటి లెక్కలో ఓ పాతిక ముప్ఫై పెద్ద లారీల లోడు, అంతే. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ, కటక్‌ల మధ్య ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం దశలవారీగా తెరుచుకుంది. 1900 నాటికి ఈ జిల్లా ఉత్పత్తి ఏడాదికి 90 వేల టన్నులు దాటిపోయింది! ఎనిమిదేళ్ళలో 674 నుంచి 90 వేలు. ఇప్పటి స్టార్టప్ వాళ్ళు ఇలాంటి గ్రాఫ్ చూస్తే కళ్ళు తిరిగి పడిపోతారు.

మాంగనీస్ ఎందుకంటే, ఉక్కు తయారీకి అది ఉప్పులాంటిది. కొంచెమే వేస్తారు గానీ అది లేకపోతే ఉక్కులోని గంధకం వల్ల లోహం పెళుసుబారుతుంది. ఇక్కడి ఖనిజం రైలెక్కి, ఓడెక్కి విదేశాలకి వెళ్ళింది. అక్కడి ఫర్నేసుల్లో ఉక్కులో కలిసింది. ఎల్. ఎల్. ఫెర్మోర్ అని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త ఒకాయన ఇక్కడ తిరిగి, ఇక్కడి ఒక రకం రాతికి "కోడురైట్" అని పేరు పెట్టాడు. 1909లో ఆయన రాసిన పెద్ద గ్రంథంలో కోడూరు, గర్భాం గనుల వివరాలుంటాయి. మా బీటెక్‌లో మెటలర్జీ చదివిన ఫ్రెండ్‌ని అడిగితే వాడికీ తెలీదు. వాడిది విజయనగరమే.

అయితే మన ఖనిజంలో ఒక లోపం ఉంది: భాస్వరం ఎక్కువ, గ్రేడ్ తక్కువ. మధ్య పరగణాల్లో, అంటే నాగపూర్, బాలాఘాట్ వైపు, మంచి ఖనిజం దొరకగానే కొనేవాళ్ళ చూపు అటు మళ్ళింది. ఆ ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికే 1931లో రాయపూర్ నుంచి విజయనగరం లైను పూర్తి చేశారు, 1933లో విశాఖ హార్బర్ తెరిచారు. మన పక్కనే అంత పెద్ద పోర్టు వచ్చింది గానీ, కట్టేటప్పుడు వాళ్ళ లెక్కలో ముందున్నది మన సరుకు కాదు.

ఇక మనుషుల సంగతి. ఈ ప్రాంతంలో ఊళ్ళ పేర్లు గమనించారా? ఆమదాలవలస, చిట్టివలస. చివరికి ఏరు పేరు కూడా కందివలస గెడ్డ. "వలస" అంటే వేరే చోటి నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. అంటే ఒకప్పుడు ఇది జనం వచ్చి స్థిరపడిన నేల. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ దారి తిరగబడింది. విశాఖపట్నం, గంజాం జిల్లాల మగవాళ్ళు భీమిలి, కళింగపట్నం, బారువా రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళేవాళ్ళు. మన పెద్దవాళ్ళు దాన్ని "రంగం" అనేవారు, "ఆడు రంగమెల్లిపోనాడు" అని. అక్కడ రైస్ మిల్లుల్లో, హార్బర్‌లో బస్తాలు మోసే పని. 1930 మే నెలలో రంగూన్ రేవులో అల్లర్లు జరిగినప్పుడు దెబ్బతిన్నది ఎక్కువగా తెలుగు కూలీలే, వంద మందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి వెనక్కి వచ్చారు. ఎంతమంది దారిలోనే పోయారో.

గని ఉన్న ఊళ్ళ నుంచి, రైలున్న ఊళ్ళ నుంచి కూడా జనం సముద్రం దాటాల్సి వచ్చిందంటే కారణం సింపుల్. ఖనిజం ముడిగానే వెళ్ళిపోయింది. తవ్వే కూలి ఇక్కడ, ఉక్కు చేసే జీతం అక్కడ. గోగునారా అంతే. ప్రపంచ మార్కెట్‌లో దానికి "బిమ్లీపటం జూట్" అని మన భీమిలి పేరే. కానీ పేరు వచ్చినంతగా పని రాలేదు. చిట్టివలసలో, నెల్లిమర్లలో జూట్ మిల్లులు నడిచినన్నాళ్ళు కొన్ని వేల కుటుంబాలు తిన్నాయి, తర్వాత లాకౌట్ల మీద లాకౌట్లు.

నా దృష్టిలో ఈ కథ కాస్త మారిన కాలం ఒకటుంది. 1955లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ పెట్టారు, మనం ఫేకర్ అంటాం. గరివిడిలో ఫర్నేసులు వచ్చాయి, శ్రీరామ్‌నగర్ అని టౌన్‌షిప్ వచ్చింది. మొదటిసారి ఇక్కడి రాయి ఇక్కడే కరిగింది. క్వార్టర్లు, బడి, నెల జీతం! కానీ ఈ ఫర్నేసులు కరెంటు మీద బతుకుతాయి, టన్ను సరుక్కి సుమారు 3,000 నుంచి 4,000 యూనిట్లు. చార్జీ యూనిట్‌కి ఒక్క రూపాయి పెరిగితే టన్నుకి మూడు నాలుగు వేలు పోయినట్టే. ఖనిజం మన చేతిలో ఉన్నా మీటరు మన చేతిలో లేదు.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకి 1,019 మంది ఆడవాళ్ళు. దీనంతటికీ వలసే కారణం అనను. కానీ ఊళ్ళో సంక్రాంతికి ఎంతమంది మగవాళ్ళు కనపడతారో, మామూలు రోజుల్లో ఎంతమంది కనపడతారో చూసినవాళ్ళకి వేరే లెక్క అక్కర్లేదు. అక్షరాస్యత అదే లెక్కల్లో 58.89 శాతం.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన. అనంతపురంకి దాదాపు రెట్టింపు. కానీ మన ఏర్లు పొట్టివి. కొండ దిగిన నీరు రెండు మూడు రోజుల్లో సముద్రంలో ఉంటుంది. అందుకే చెరువు నిండితే వరి, లేకపోతే మెట్ట మీద చోళ్ళు, నువ్వులు, గోగు. 2015లో తోటపల్లి బ్యారేజీ ప్రారంభమయ్యాక నాగావళి నీళ్ళు కుడికాలువ ద్వారా ఈ వైపు మండలాలకి రావడం మొదలైంది. అది పెద్ద మార్పే. అయితే పొలానికి నీళ్ళు రావడం వేరు, తాగడానికి మంచినీళ్ళు రావడం వేరు. 2024 అక్టోబర్‌లో పక్కనే గుర్లలో డయేరియా ప్రబలి మనుషులు చనిపోయారు. జాతీయ రైలు మార్గానికి ఇంత దగ్గర్లో, ఈ రోజుల్లో, నీళ్ళు తాగి చనిపోవడం! నా షీట్‌లో దీన్ని ఎడమవైపు దేనితోనూ కొట్టేయలేను.

అన్నా, నువ్వు అడిగినదానికి ఇప్పుడు సూటిగా చెప్తాను. నీకున్న అవకాశం మీ తాతల కాలంలో ఎవరికీ లేదు. వాళ్ళ పని రంగంలో ఉంది కాబట్టి వాళ్ళు వెళ్ళారు. నీ పని లాప్‌టాప్‌లో ఉంది కాబట్టి నువ్వు రావచ్చు. అద్దె హైదరాబాద్‌తో పోల్చనక్కర్లేదు. విశాఖ సుమారు 90 కిలోమీటర్లు, రైల్లో ఉదయం వెళ్ళి సాయంత్రం రావచ్చు. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి సెలవు పెట్టక్కర్లేదు. కానీ రాత్రి పూట గుండె నొప్పి వస్తే పెద్ద డాక్టర్ విజయనగరంలోనో విశాఖలోనో. పిల్లలు ఇంటర్‌కి వచ్చేసరికి మళ్ళీ సామాను సర్దుకునే ప్రశ్న వస్తుంది, దానికి ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకో, ముఖ్యంగా వదినతో. నువ్వు పని చేసేటప్పుడు ఏసీ గది నీది, నీళ్ళ బిందె ఆవిడది కాకూడదు.

ఒక పని చెయ్యి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ బోరు నీళ్ళు శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబ్‌లో పరీక్షకి ఇవ్వు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. రిపోర్ట్ వచ్చాక నాకు రాయి, ఇల్లు ఎక్కడ తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.