ట్యాంక్‌బండ్ మీద జాషువా

1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద వరసగా పెట్టించిన విగ్రహాల్లో గుర్రం జాషువాది కూడా ఉంది.

ఆయన ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అందులో ఒక అంటరాని మనిషి కాశీలోని శివుడికి తన గోడు గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గబ్బిలానికి గుడిలో చోటుంది, అతనికి లేదు. క్లాసులో దీన్ని కాళిదాసు ‘మేఘసందేశం’తో పోల్చి సరిపెడతాం. యక్షుడిది విరహం, ఇతనిది ఆకలి, అవమానం. ఈ తేడా చెప్పకపోతే నేను పాఠం చెప్పనట్టే.

విగ్రహం రోడ్డు పక్కనుంది. దాన్ని నిలబెట్టడానికి ఏ గుడి తలుపూ తెరవాల్సిన పని పడలేదు. కావ్యం అడిగింది ఆ తలుపు గురించే. సెప్టెంబర్ 28న, ఆయన జయంతికి, దండ వేద్దాం. ఆ ప్రశ్న కూడా అక్కడే గట్టిగా అడుగుదాం.

జై భీమ్.