పూలు వాడకుండా

దివిసీమకు కాస్త ఎగువన, కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో శ్రీకాకుళం ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ అక్కడ ఆగిన కృష్ణదేవరాయలకు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి గోదాదేవి కథ రాయమన్నాడని ఆముక్తమాల్యదలోనే ఉంది. ఆ కథలో మాల ముందు అమ్మాయి మెడలో పడుతుంది, ఆ తరవాతే గుడికి చేరుతుంది. అందాకా అది వాడకూడదు. తెంపిన చోటుకీ దేవుడికో జడకో చేరే చోటుకీ మధ్య గడిచే వేళే పూలతో బతికేవాళ్లకు ఎప్పుడూ ఉన్న చిక్కు.

మల్లెకు నీళ్లలో నిలబెట్టేంత కాడ లేదు. నీళ్లు తాగించే వీలు లేదు గనక మనవాళ్లు ఉన్న తడిని పోనివ్వకుండా చూసుకున్నారు. మొగ్గ విచ్చకముందే, ఎండెక్కకముందే కోస్తారు. సాయంత్రానికి అది జడలో విచ్చుకుంటుంది. అరటి నారను నీళ్లలో తడిపి, దానితో దండ కట్టి, అరటాకులో చుడతారు. ఆకు మీది మైనపు పొర లోపలి చెమ్మను బయటికి వదలదు. బందరైనా గుడివాడైనా ఇప్పుడు పూలను ఎక్కువగా దారంతోనే కడుతున్నారు. పని చకచకా సాగుతుంది, నిజమే. నారలా దారం తడిని పట్టి ఉంచదు. నా ఓటు నారకే.

కాడ ఉన్న పూల శాస్త్రం మాత్రం గ్యాసు దీపాల దగ్గర మొదలైంది. దీపాల గ్యాసు తగిలి బఠాణీ మొలకలు వంకరపోవడానికి అందులోని ఇథిలీనే కారణమని 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ తేల్చాడు. 1908లో షికాగోలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు కార్నేషన్ పూలు ముడుచుకుపోవడానికీ అదే కారణమన్నారు. పండే పండు కూడా ఇథిలీన్‌ను వదులుతుందని 1934లో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. అంటే పువ్వుకు అరటాకు చుట్టం, అరటి గెల శత్రువు! 1970ల్లో వెండి లవణాలతో ఇథిలీన్‌కు అడ్డుకట్ట వేయడం నేర్చారు. ఈ గ్యాసుకు చామంతి, జెర్బెరా అంతగా చలించవు. కార్నేషన్ ఇట్టే లొంగుతుంది.

బొకేతో వచ్చే పొట్లంలో సాధారణంగా ఉండేవి మూడు: పువ్వుకు తిండిగా చక్కెర, నీళ్లను పుల్లబరచే ఆమ్లం, కాడ గొట్టాలకు అడ్డుపడే సూక్ష్మజీవులను చంపే మందు. పొట్లం లేకపోయినా బెంగ లేదు. కాడ చివర పదునైన చాకుతో ఏటవాలుగా కోయండి, నీళ్లలో మునిగే ఆకులు తుంచేయండి, రోజూ నీళ్లు మార్చండి. మాగిన పండ్ల బుట్టను మాత్రం ఫ్లవర్ వాజు పక్కన పెట్టకండి.