బీపీ మాత్ర తలకెక్కిన కథ

దేవుని కడపలో మొక్కి, తిరుమలకు పోయి తలనీలాలిచ్చే సీమ మాది. మనసారా ఇచ్చిన జుట్టుకు బాధ లేదు. దువ్వెనకు చుట్టుకొచ్చే జుట్టే దిగులు. ఆ దిగులుకు పాతకాలపు మందు గుంటగలగరాకు. సుంకేసుల నుంచి కడప దాకా సాగే కె.సి. కాలువ గట్ల మీద, తేమ ఉన్నచోటల్లా మొలుస్తుంది. రసం తీసి నూనెలో కాచి తలకు పట్టించేవారు.

తర్వాత వచ్చిన మినాక్సిడిల్ అనే మందు పుట్టింది తల కోసం కాదు, రక్తనాళాల కోసం. అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ మాత్ర అది. వేరే మందులకు లొంగని బీపీకి 1979లో అక్కడ అనుమతి పొందింది. నాళాల గోడల్లోని కండరాన్ని సడలించి వాటిని వెడల్పు చేస్తుంది. రక్తపోటు దిగుతుంది. దిగిన పోటును నిలబెట్టడానికి గుండె వేగం పెంచుకుంటుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. కాళ్లు వాస్తాయి. ఒక్కోసారి గుండె చుట్టూ నీరు చేరుతుంది. అందుకే గుండె వేగాన్ని తగ్గించే మందునూ, నీరు తీసే మందునూ జతచేసి ఇచ్చేవారు.

ఆ మాత్ర వేసుకున్నవారికి ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు దట్టంగా పెరిగాయి. రోగులు ఇబ్బంది పడ్డ ఆ లక్షణమే 1988లో మగవారి బట్టతలకు రాసుకునే మందైంది. రాసినదాంట్లో రక్తంలోకి చేరేది సగటున ఒకటిన్నర శాతం లోపే కాబట్టి చాలామందికి ఇబ్బంది రాదు.

ఇప్పుడు అదే మందు తక్కువ మోతాదులో మళ్లీ మాత్రగా వస్తోంది. 2021లో ప్రచురితమైన పరిశీలనలో, ఆ మాత్ర వేసుకున్న 1,404 మందిలో 1.7 శాతానికి తల తిప్పింది, 1.3 శాతానికి ఒంట్లో నీరు చేరింది, 0.9 శాతానికి గుండె దడ. చిన్న అంకెలే. అయినా కర్నూలు, కడప ఎండలు నాకు గుర్తొస్తాయి. మే నెలలో ఎండకే నాళాలు వెడల్పవుతాయి, చెమటకు ఒంట్లో నీరు తగ్గుతుంది. దానికి ఈ మాత్ర తోడైతే, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు.

బట్టతలకు వాడే మరో మాత్ర ఫైనాస్టరైడ్ దారి వేరు. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి పొందింది. ఇది అడ్డుకునే ఎంజైము కాలేయంలోనూ ఉంటుంది. దీంతో సుగర్ రావచ్చనే మాట అక్కడి నుంచే వచ్చింది. 2019లో బ్రిటన్, తైవాన్ రికార్డులను పరిశీలిస్తే, ఈ మందు వాడిన ప్రోస్టేట్ రోగులకు టాంసులోసిన్ అనే మరో ప్రోస్టేట్ మందు వాడినవారికంటే మధుమేహం కొంత ఎక్కువగా వచ్చింది. వారు వయసు మళ్లినవారు, మోతాదు అయిదింతలు. దాన్ని పాతికేళ్ల కుర్రవాడికి అలాగే అంటగట్టడం న్యాయం కాదు. పైగా చిన్న వయసు బట్టతలకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో సంబంధం ఉందని 2000లో ఫిన్లాండ్ పరిశోధకులు రాశారు. తప్పు మందుదా, ఒంటిదా అని తేల్చడం అందుకే కష్టం.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఏమేం మందులు వాడుతున్నావని డాక్టరు అడిగితే మనవాళ్లు బీపీది చెబుతారు, సుగర్‌ది చెబుతారు. జుట్టు మాత్ర మాట సిగ్గుతో నోట రాదు.