హాబ్స్‌బర్గ్ వియ్యాలు: వారసత్వానికీ స్వాధీనానికీ మధ్య

హాబ్స్‌బర్గులు కత్తితో కాక కల్యాణాలతో రాజ్యాలు సంపాదించారన్న మాట యూరప్ చరిత్ర రచనలో పాతుకుపోయింది. 1477 నుంచి 1526 వరకు జరిగినదాన్ని వరుసగా చూస్తే అందులో సగమే నిలుస్తుంది. పెళ్ళి వారికిచ్చింది దావా వేసే అర్హత మాత్రమే. అది రాజ్యంగా మారాలంటే ముందు వరుసలోని వారసులు పోవాలి, ఆ దేశపు ప్రతినిధి సభలు ఒప్పుకోవాలి. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. రెండోదాన్ని బేరమాడో పోరాడో తెచ్చుకోవలసి వచ్చింది.

1496లో హాబ్స్‌బర్గ్ వంశపు మాక్సిమిలియన్ కొడుకు ఫిలిప్‌కు స్పెయిన్ రాకుమారి హువానాతో, మరుసటి ఏడు కూతురు మార్గరెట్‌కు హువానా అన్న హువాన్‌తో పెళ్ళిళ్లు జరిగాయి. మన లెక్కలో ఇది కుండమార్పిడి. ఫ్రాన్స్‌ను రెండు వైపులా కట్టడి చేయడమే ఇరుపక్షాల ఉద్దేశం; స్పెయిన్ గద్దె హువాన్‌దేనని అందరూ అనుకున్నారు. అతడు 1497 అక్టోబరులోనే చనిపోయాడు. తర్వాతి హక్కుదారైన అతని అక్క ఇసబెల్ 1498లో ప్రసవించి మరణించింది. ఆ బిడ్డ మిగెల్ 1500లో పోయాడు. అప్పటికి గాని హువానా వంతు రాలేదు. అంతటితోనూ తీరలేదు. హువానా తండ్రి, అరగాన్ రాజు ఫెర్డినాండ్ రెండో పెళ్ళి చేసుకుంటే, 1509లో పుట్టిన మగబిడ్డ కొద్ది గంటలకే కన్నుమూశాడు. వాడు బతికుంటే అరగాన్ చేజారేదే. ఈ నాలుగు మరణాల ఫలితాన్ని దూరదృష్టి అనడం, జరిగిపోయాక రాసిన జాతకం లాంటిది. ఎక్కువ సంబంధాలు కలుపుకున్నవారికే అదృష్టం ఎక్కువసార్లు తలుపు తడుతుంది కదా అనవచ్చు. పోర్చుగల్ రాజులూ స్పెయిన్‌తో పదేపదే వియ్యమందారు. ఇసబెల్ వారి కోడలే. మిగెల్ పెరిగి పెద్దవాడై ఉంటే ఆ ఆస్తంతా పోర్చుగల్ వంశానిది. విధానం ఒకటే, ఫలితం మాత్రం వేరు.

ఇక సమ్మతి సంగతి. బుర్గుండీ వారసురాలు మేరీ, మాక్సిమిలియన్‌ను పెళ్ళాడడానికి ఆరు నెలల ముందే, 1477 ఫిబ్రవరిలో తన ఏలుబడిలోని నెదర్లాండ్స్ సభలకు విస్తృత హక్కులు రాసివ్వవలసి వచ్చింది. ఆమె పోయాక, 1488లో బ్రూజ్ పౌరులు మాక్సిమిలియన్‌నే నిర్బంధించారు. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం హంగరీ. 1515లో వియన్నాలో మళ్ళీ కుండమార్పిడే: మాక్సిమిలియన్ మనవరాలు మరియా హంగరీ, బొహీమియాల యువరాజు లాయోష్‌కు, అతని అక్క అన్నా మనవళ్లలో ఒకడికి. 1526లో ఒట్టోమన్లతో జరిగిన మొహాచ్ యుద్ధంలో లాయోష్ సంతానం లేకుండా చనిపోగా, అన్నాను పెళ్ళాడిన మాక్సిమిలియన్ మనవడు ఫెర్డినాండ్ భార్య హక్కును ముందుకు తెచ్చాడు. బొహీమియా సభ ఆ హక్కును పక్కన పెట్టి, ఎన్నిక జరిపి అతణ్ణి రాజును చేసింది. హంగరీలో నవంబరులో ఒక సభ యానోష్ జాపొయాను, డిసెంబరులో మరో సభ ఫెర్డినాండ్‌ను ఎన్నుకున్నాయి. పెళ్ళి లేనిదే ఫెర్డినాండ్ పోటీకే నిలిచేవాడు కాదన్న అభ్యంతరం సబబే. అయితే అలాంటి వారసత్వ హక్కేదీ లేని జాపొయా కూడా కిరీటం పొందాడు. 1541లో బూడా ఒట్టోమన్ల వశమైంది. హంగరీలో అత్యధిక భాగం హాబ్స్‌బర్గులకు దక్కింది 1699 కార్లోవిట్జ్ సంధితో, వియన్నా పెళ్ళిళ్లు జరిగిన 184 ఏళ్లకు, అదీ సుదీర్ఘ యుద్ధం తర్వాతే.