సూరత్ పెట్టెలు: ఊరు దాటి నిలిచిన కొయ్యపని

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొఘలుల కాలంలో పశ్చిమ తీరానికంతటికీ పెద్ద రేవు. అయినప్పటికీ, ఆ రేవు నుంచి బయలుదేరిన గుజరాత్ వడ్రంగుల, పొదుగుపనివాళ్ళ సామాను చూడగోరేవారు నేడు ఆ ఊరికి వెళ్ళడం కంటె లండన్, పారిస్, డ్రెస్డెన్, అమెరికాలోని సేలం నగరాల మ్యూజియాలకు వెళ్ళడమే మేలు. ఈ సామానులో అధిక భాగం దోపిడీలో పోయినది కాదు; అమ్మకం కోసమే తయారై, ధర పలికి, ఓడకెక్కినది. ఊళ్ళో మిగిలినది మాత్రం మంటలకూ వరదలకూ ఆహుతైపోయింది. అందువల్ల సూరత్ కొయ్యపని చరిత్ర చేసినవారి వైపు నుంచి కాక కొన్నవారి వైపు నుంచే మనకు అందింది. ఏ రాజు కొన్నాడో, ఏ స్వర్ణకారుడు వెండి కట్టు వేశాడో కాగితాల మీద నిలిచింది గాని, ఉలి పట్టిన చేతుల సంగతి ఆ వస్తువుల నుంచే ఊహించుకోవలసి వస్తున్నది.

ఈ పనికి కావలసిన సరుకులన్నీ సూరత్‌లో ఒకచోట చేరడం వెనుక భూగోళమూ వర్తకమూ రెండూ ఉన్నాయి. నగరానికి తూర్పున, దక్షిణాన విస్తరించిన డాంగ్, వల్సాడ్ అడవులు టేకునిచ్చేవి. ఏనుగుదంతం తూర్పు ఆఫ్రికా తీరం నుంచి గుజరాతీ వర్తకుల ఓడలలో వచ్చేది. ముత్యపుచిప్పలు సముద్రం నుంచి, లక్క లోతట్టు అడవుల నుంచి, మంచిగంధం దక్షిణాది నుంచి అందేవి. 1573లో అక్బరు గుజరాత్‌ను జయించిన తరువాత, పాత రేవైన ఖంభాత్ మేట వేసిన మట్టితో ఓడలకు అందకుండా పోతుండగా, మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరే సూరత్ దాని స్థానాన్ని ఆక్రమించింది. 1608లో విలియం హాకిన్స్ హెక్టర్ అనే ఓడలో ఇక్కడికి చేరాడు. 1613 నాటికి జహంగీరు అనుమతితో ఆంగ్లేయుల ఫ్యాక్టరీ వెలిసింది. ఫ్యాక్టరీ అంటే నేటి అర్థంలో కర్మాగారం కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగులు నివసిస్తూ సరుకు కొని నిలవచేసే వర్తకపు కొఠీ. కొద్ది ఏళ్ళలోనే డచ్చివారూ వచ్చి చేరారు.

ఐరోపావారు రాకముందే గుజరాత్‌లో ముత్యపుచిప్ప పని ప్రఖ్యాతి పొంది ఉంది. ఇందులో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, చిప్పను పలుచని పొలుసులుగా కోసి, చెక్క గుల్ల మీద వరుసలుగా పరచి, సన్నని ఇత్తడి మేకులతో బిగించడం. ఒక్కొక్కసారి చెక్క అసలే లేకుండా చిప్ప ముక్కలతోనే పళ్ళేలు, గిన్నెలు కూర్చేవారు. రెండవది, చెక్క మీద నల్లని లక్క పూసి, అందులో పూవులుగా, తీగలుగా కోసిన చిప్ప ముక్కలను అదిమి, ఆరిన తరువాత నునుపు చేయడం. గుజరాత్ సుబాను వర్ణిస్తూ అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో అక్కడి పనివాళ్ళు ముత్యపుచిప్పను నేర్పుగా పొదిగి పెట్టెలూ కలందానులూ చేస్తారని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా సమాధి మీద 1608–09లో అమర్చిన ముత్యపుచిప్పల కొయ్య పందిరి ఈ పనిలోని గాంభీర్యాన్ని నేటికీ చూపుతున్నది. ఇది పరదేశీయుల మోజు తీర్చడానికి పుట్టిన కళ కాదని చెప్పడానికి ఆ పందిరి ఒక్కటి చాలు.

అయితే విదేశాలకు చేరిన వస్తువులే ఎక్కువగా మిగిలాయి. ఫ్రాన్సు రాజు ఒకటవ ఫ్రాన్సిస్ వద్దకు చేరిన గుజరాతీ పెట్టెకు పారిస్ స్వర్ణకారుడు పియెర్ మాంగో 1532–33లో వెండి బంగారు కట్లు వేశాడు; అది ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. లైప్‌జిగ్ స్వర్ణకారుడు ఎలియాస్ గేయర్ 1600 ప్రాంతంలో వెండి పని జతచేసిన చిప్ప పాత్రలు డ్రెస్డెన్‌లోని గ్రీన్ వాల్ట్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఈ రెండు చోట్లా ఐరోపా స్వర్ణకారుని పేరు నిలిచింది, అతని చేతికి రాకముందే వస్తువును సంపూర్ణంగా తయారుచేసిన గుజరాత్ పనివాని పేరు నిలవలేదు. ఆ పాత్రలలో కన్ను నిలిచేది మాత్రం కట్ల మీద కాదు, వెలుగు తగిలిన ప్రతిసారీ ఆకుపచ్చ, గులాబి, నీలం రంగులలోకి మారే చిప్ప పొలుసుల మీదనే.

17వ శతాబ్దంలో ఈ నేర్పు కొత్త రూపాలను తొడిగింది. నేల మీద కూర్చుని, చాపల మీదా తివాచీల మీదా దినచర్య సాగించే సమాజంలో ఇంటి సామాను అంటే ముఖ్యంగా పెట్టె, మంచం, ఊయల. బల్ల ముందు కుర్చీ వేసుకుని రాసే ఐరోపా వర్తకునికి వేరే వస్తువులు కావలసి వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది, ముందు పలకను కిందికి దింపితే రాత బల్లగా మారి, లోపల సొరుగులు వరుసలుగా బయటపడే చిన్న బీరువా. ఉత్తరాలు, లెక్కలు, నగలు, మందులు ఒకదానితో ఒకటి కలవకుండా దాచుకోవడానికి అనువుగా, ఓడ గదిలో పట్టేటంత చిన్నదిగా, ఇరువైపులా పట్టుకుని మోసేందుకు పిడులతో దీన్ని చేసేవారు. రూపం పోర్చుగీసు, స్పెయిన్ దేశాలది. పొదుగు మాత్రం ఇక్కడిది. నల్లచేవ లేదా రోజ్‌వుడ్ పలకల మీద దంతంతో చెట్లు, వేటగాళ్ళు, ఏనుగులు, పులులు, తలపాగాలవారు, టోపీలవారు ఒకే తోటలో కనిపిస్తారు. మ్యూజియాలు ఈ బీరువాల పక్కన తరచుగా ‘గుజరాత్ లేదా సింధ్’ అని రాసి ఊరుకుంటాయి. ఈ సందిగ్ధం సహజమే, ఎందుకంటే పనివాళ్ళూ పలకలూ ఒక రేవు నుంచి మరొక రేవుకు సులభంగా కదిలేవి; ఎగుమతి చేసిన రేవు పేరే వస్తువుకు అంటుకునేది.

సూరత్ వడ్రంగుల అనుకరణ శక్తిని గురించి 1689లో ఇక్కడికి వచ్చిన ఆంగ్లేయుడు జాన్ ఓవింగ్టన్ రాసిన మాటలు ఈ సందర్భంలో విలువైనవి. ఇక్కడివారు ఏ ఇంగ్లీషు ఓడ నమూనానైనా చూచి, తామే దాన్ని మొదట కనిపెట్టినవారి మాదిరిగా, అచ్చంగా అలాగే కట్టగలరనీ, వారు వాడే టేకు ఫిరంగి గుండు తగిలినా చీలని గట్టిదనీ ఆయన మెచ్చుకున్నాడు. ఓడ కట్టే వడ్రంగమూ పెట్టె చేసే వడ్రంగమూ ఒకే అంగడిలో సాగాయని కాదు. ఒకే ఊళ్ళో, ఒకే కలపతో, పరాయి నమూనాను చూడగానే దాని కొలతను పట్టుకునే అలవాటుతో పెరిగాయి. ఆ ఓడల వడ్రంగుల వంశం నుంచే 1736లో లవ్‌జీ నసర్వాంజీ వాడియా బొంబాయికి వెళ్ళి అక్కడి ఓడల నిర్మాణానికి పునాది వేశాడు.

ఆయన కంటె ముందే వర్తకమూ ఆ దారి పట్టింది. 1664లోనూ 1670లోనూ శివాజీ సేనలు సూరత్‌ను కొల్లగొట్టాయి. 1687లో కంపెనీ తన ప్రధాన స్థానాన్ని బొంబాయికి మార్చింది. తాపీ ముఖద్వారంలో ఇసుక పేరుకుపోతూ వచ్చింది. వీటన్నిటికంటె పెద్ద దెబ్బ 1837 ఏప్రిల్‌లో తగిలింది. కొయ్య స్తంభాల మీద, చెక్కిన కొయ్య గోడల మీద నిలిచిన ఆ నగరంలో రేగిన అగ్నికి తొమ్మిది వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. అదే ఏడాది వరద కూడా వచ్చింది. ఒక నగరపు కొయ్యపని ఆ నగరంలోనే ఎందుకు కనిపించదన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు ఉండదు. తరాలుగా పెళ్ళిళ్ళలో ఇచ్చిన ‘పటారా’లు, అనగా ఇత్తడి తాపడం చేసి అడుగున చక్రాలు బిగించిన పెద్ద టేకు పెట్టెలు, ఊయల బల్లలు, చెక్కుడు ద్వారబంధాలు, ఎవరూ కొనుక్కుపోనివన్నీ, ఆ ఇళ్ళతోనే కాలిపోయాయి.

ఈ పతనకాలంలోనే సూరత్‌కు పూర్తిగా తనదని చెప్పుకోదగిన ఒక పని వికసించడం ఆశ్చర్యం కలిగిస్తుంది. అది సాదేలీ. 1880లో భారతీయ హస్తకళల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ ఈ పని ఇరాన్‌లోని షిరాజ్ నుంచి సింధ్‌కు, అక్కడి నుంచి సూరత్, బొంబాయిలకు వచ్చిందని చెప్పాడు. ఇరాన్‌లో నేటికీ సాగుతున్న ఖాతమ్ పనిని చూస్తే ఆ బంధుత్వం కంటికి తెలిసిపోతుంది. సూరత్‌లో దీన్ని ముఖ్యంగా పార్సీ కుటుంబాలు చేపట్టాయి. పెట్టెలు చేసేవారన్న అర్థం ఇచ్చే పేటీగరా అనే ఇంటిపేరు వారి వృత్తిని ఇప్పటికీ గుర్తుచేస్తున్నది.

సాదేలీలో పొదుగు లోపల పొదుగు ఉంటుంది. దంతం, ఆకుపచ్చ రంగు వేసిన దంతం లేదా ఎముక, నల్లచేవ, ఎర్రని కర్ర, మంచిగంధం, తగరం వంటి పదార్థాలను మొదట సన్నని పొడవైన పుల్లలుగా కోస్తారు. వాటి అడ్డుకోత ఎక్కువగా త్రికోణంగా ఉంటుంది. తలచిన నమూనా ప్రకారం ఈ పుల్లలను పక్కపక్కన పేర్చి, జిగురు పెట్టి, దారంతో గట్టిగా చుట్టి ఆరనిస్తే, అన్నీ కలిసి ఒకే కడ్డీ అవుతాయి. ఆ కడ్డీని సన్నని రంపంతో అడ్డంగా కోస్తే, చక్కెర చిలకల అచ్చులో తీసినట్లు, ప్రతి బిళ్ళలోనూ అదే పూవు కనిపిస్తుంది. ఈ నమూనాలను పనివాళ్ళు గుల్ అంటారు. గుల్ అంటే పూవు. బిళ్ళలను మంచిగంధపు పెట్టె మీద అంటించి, అంచులకు దంతపు పట్టీలు వేసి, సమంగా గీకి మెరుగు పెడతారు. చూసేవారికి వేలాది ముక్కలను విడివిడిగా తాపినట్లు తోస్తుంది గాని, శ్రమంతా కోతకు ముందే, పుల్లల కోణాలను వెంట్రుకవాసి తేడా లేకుండా గీకడంలోనే ఉంది. ఒక పుల్ల కోణం తప్పితే ఆ తప్పు కడ్డీ పొడుగునా పారి ప్రతి బిళ్ళలోనూ కనబడుతుంది. ఓపికను గణితంగా మార్చిన ఈ పద్ధతి భారతీయ కొయ్యపనిలో అత్యంత తెలివైన వాటిలో ఒకటి.

19వ శతాబ్దంలో ఆంగ్లేయ కుటుంబాలు ఈ పెట్టెలను విరివిగా కొన్నాయి: చేతితొడుగుల పెట్టెలు, కుట్టుపని పెట్టెలు, విజిటింగ్ కార్డుల డబ్బీలు, ఏటవాలు రాత పెట్టెలు. అవి బొంబాయిలో అమ్ముడై బొంబాయి ఓడలలో వెళ్ళినందున వాటికి ‘బొంబాయి పెట్టెలు’ అన్న పేరే స్థిరపడింది. సూరత్‌కు ఇది రెండవ నష్టం. మొదట వర్తకం పోయింది, తరువాత పనికి గల ఊరి పేరు పోయింది.

తెలుగు తీరానికి ఈ విషయంలో అదృష్టం కొంత మేలుచేసింది. 17వ శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నంలో కంసాలి పనివాళ్ళు టేకు, రోజ్‌వుడ్ కుర్చీలు, బీరువాలలో దంతం పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్ల లక్క నింపేవారు; పూల అంచులు ఆ తీరంలోని కలంకారీ బట్టల అంచులను తలపిస్తాయి. 1756లో అక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఆ పొదుగుపని పరిపూర్ణతను పొగిడాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ వద్ద ఉన్న దంతపు కుర్చీలను 1781లో మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. విశాఖపట్నంలో చేసినది విశాఖపట్నం పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. సూరత్‌ది గుజరాత్‌గా, సింధ్‌గా, బొంబాయిగా చెదిరిపోయింది. రెండు ఊళ్ళ నేర్పులలో హెచ్చుతగ్గులు లేవు. తేడా వర్తకపు దారులది.

అమెరికాలోని సేలం ఈ కథలోకి వచ్చేది ఓడల ద్వారానే. బ్రిటన్, అమెరికాల మధ్య కుదిరిన 1794 ఒప్పందం తరువాత బ్రిటిషు వారి భారతీయ రేవులలో అమెరికా ఓడలకు ప్రవేశం స్థిరపడింది. 1799లో సేలం నావికులు ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ స్థాపించుకున్నారు. గుడ్ హోప్ అగ్రాన్ని గాని హార్న్ అగ్రాన్ని గాని దాటి వెళ్ళినవారికే అందులో సభ్యత్వం. వారితో వ్యాపారం చేసిన బొంబాయి పార్సీ వర్తకుడు నసర్వాంజీ మానెక్‌జీ వాడియా చిత్రపటం ఆ సంఘపు తొలి సేకరణలలో ఒకటి. ఆ సేకరణే పెరిగి నేటి పీబడీ ఎసెక్స్ మ్యూజియం అయింది. అక్కడ సేలం నగరపు సొంత వడ్రంగి, చెక్కుడు పనివాడు శామ్యూల్ మెకింటైర్ పనులు ఆయన పేరుతో ఉన్నాయి.  అమెరికా తొలినాళ్ళ కొయ్యసామాను మీద ఆ దేశానికి ఎంత మమకారమో చెప్పడానికి, 1924లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దానికోసం అమెరికన్ వింగ్ అనే ప్రత్యేక భవనభాగాన్నే తెరవడం చాలు. న్యూపోర్ట్ వడ్రంగి జాన్ టౌన్‌సెండ్ తన బీరువాలలో అంటించిన పేరు చీటీలను పరిశోధకులు ఆధారాలుగా వాడుకుంటారు. 18వ శతాబ్దపు తొలి భాగంలో బాస్టన్ పనివాళ్ళు ఆసియా లక్కపనిని అనుకరిస్తూ తమ బీరువాలకు నల్లని పూత, బంగారు బొమ్మలు వేసిన సంగతి కూడా ఆ శ్రద్ధ వల్లనే వివరంగా తెలిసింది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, పీబడీ ఎసెక్స్ మ్యూజియంలలోని భారత, సింహళ సామాను మీద అమీన్ జాఫర్ 2001లో వెలువరించిన సూచీ గ్రంథం ఇదే శ్రద్ధను మన వస్తువులకు వర్తింపజేసింది. అటువంటి పని తెలుగులో, గుజరాతీలో జరగవలసినంత జరగలేదు.

సూరత్‌లో 1890లో వించెస్టర్ మ్యూజియంగా మొదలైన సర్దార్ పటేల్ మ్యూజియం ఇప్పుడు నగర సైన్స్ సెంటర్‌లో ఉంది. కొయ్య చెక్కడాలకు అందులో చోటుంది. సాదేలీ చేసే కుటుంబాలు మాత్రం బహు కొద్ది. ఆఫ్రికా ఏనుగుదంతం అంతర్జాతీయ వ్యాపారం 1990లో ఆగిపోయి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణలతో దేశంలోని దంతపు వ్యాపారమూ ముగిసిన తరువాత, పనివాళ్ళు ఒంటె ఎముకనూ ప్లాస్టిక్‌నూ పుల్లలుగా కోయడం మొదలుపెట్టారు. ఆ నిషేధం న్యాయమైనదే. అయితే ఎముక దంతంలా చీలదు, ప్లాస్టిక్ జిగురును చెక్కలా పట్టదు గనుక, కోణం గీకే పద్ధతిని కొత్త పదార్థానికి తగినట్లు మళ్ళీ సరిచేసుకోవలసి వచ్చింది. నగరంలోని లింబాయత్ పరిసరాలలో మగ్గాల పని కోసం స్థిరపడిన వేలాది తెలుగు పద్మశాలీ కుటుంబాలకు సూరత్ బట్టల ఊరిగానే తెలుసు. వజ్రాల సాన వల్ల మిగిలిన దేశానికి తెలుసు. అయినా, ఐరోపా ఇళ్ళలోని పొడి వేడికి చెక్క ముడుచుకుని, దంతం ముడుచుకోక, బిళ్ళలు ఊడిపోయిన పాత సాదేలీ పెట్టెలను బాగుచేయాలంటే, ఊడిన గుల్‌ను తిరిగి కోయడానికి పుల్లలను ఏ కోణంలో పేర్చాలో తెలిసినవారు ఈ ఊళ్ళోనే ఇంకా ఉన్నారు.